దూప తెలియని పదాల ఆటకు, నల్గొండ నుంచి

శ్రీయుత పదాల ఆట గారికి,

నమస్కారం. మీరు క్షేమమేనని నాకు తెలుసు. నిన్న మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి నాలుగు దాకా మీ ముఖమే చూస్తూ కూర్చున్నాను, మీకేం కాలేదు. అయింది నాకే. ఒక రైతు పట్టాదారు పాసుపుస్తకం జిరాక్స్‌కు ఇస్తే, పేరున్న పేజీ బదులు వెనక అట్టను పది కాపీలు తీసిచ్చాను. ఆయన ఆ కాగితాలనూ నన్నూ మార్చి మార్చి చూసి, "సార్, పానం బాగలేదా?" అని అడిగాడు. పానం బాగానే ఉంది. కాకపోతే అది నా దగ్గర లేదు, 212వ లెవెల్ దగ్గర ఉంది.

మిమ్మల్ని నా ఫోన్లో ఎక్కించింది మా అమ్మాయి. "నాన్నా, గిరాకీ లేనప్పుడు ఆ రీల్స్ ఏంది, ఇది ఆడు. బుర్ర తుప్పు పట్టకుంట ఉంటది" అని చెప్పి హైదరాబాద్ బస్సెక్కింది. రెండు నెలలైంది. బుర్ర సంగతి చెప్పలేను గానీ బొటనవేలు మాత్రం అరిగింది.

ముందు మీలో ఉన్న మంచి చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. మీకన్నా ముందు ఇంకో ఆట వేసుకున్నాను. అందులో స్త్రీ అనే మాటను విడగొట్టి ఇచ్చారు. మనకది ఒక్క అక్షరం. ఫోను లోపల మాత్రం ఆరు ముక్కలట: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఆ ఆరూ ఆరు బిళ్లలై తెర మీదికి వచ్చాయి. పొల్లులు, గుడి దీర్ఘం ఏ హల్లూ దొరక్క చుక్కల సున్నాలను పట్టుకుని వేలాడుతున్నాయి. తెలుగు రాని మనిషి తెలుగు ఆట చేస్తే ఇంతే. మీరు ఆ పాపం చేయలేదు. అక్షరాన్ని అక్షరంగా ఇస్తారు. దానికి దండం.

ఇంకో దండం, మీ దగ్గర నేర్చుకున్న కిటుకులకు. ఆరు వేర్వేరు అక్షరాలను 720 రకాలుగా పేర్చొచ్చు. అన్నీ పేరిస్తే దుకాణం మూసుకోవడమే. రం, లం, నం కనబడితే చివరికి తోసెయ్యాలి. లు కనబడితే అదీ చివరికే, ఎందుకంటే అది గుంపును వెంటేసుకుని వస్తుంది. ణ, ళ లను మొదట పెట్టి కుస్తీ పట్టకూడదు. ఇవన్నీ మూడో తరగతిలో మా సారు బెత్తంతో చెప్తే ఎక్కలేదు, మీరు నాణేలు చూపించి చెప్తే ఎక్కాయి. ఆ నాణేల విషయంలో మాత్రం మీరు మహా పిసినారులు. ఇంగ్లిష్ వాళ్ల స్క్రాబుల్‌లో ఏడు బిళ్లలూ ఒక్కసారే దించితే 50 పాయింట్లు అదనంగా ఇస్తారు. మీ దగ్గర నాలుగక్షరాలు ఏరి 'కాపరులు' అని కలిపితే నాకు వచ్చింది రెండు నాణేలు. 'కాలు' అని రెండక్షరాలు కలిపితే మాత్రం తెరంతా రంగు కాగితాలు ఎగరేసి "అద్భుతం!" అంటారు. నా కాలులో అంత అద్భుతం ఏముందో మీకే తెలియాలి.

సరే, అసలు సంగతి.

నిన్న మీరు ఇచ్చిన అక్షరాలు ఇవి: కా, రు, రం, దూ, ప, లు. కాపరులు వచ్చింది. పరులు వచ్చింది. కారం, కాలు, దూరం, పరం, పలు, అన్నీ వరసగా పడ్డాయి. 'కారు' కూడా పెడితే ఒప్పుకున్నారు. కారుచీకటిలోని కారు కాబోలు, తెలుగు మాటే కదా అని సంతోషించేలోపు పక్కన నాలుగు చక్రాల బండి బొమ్మ వచ్చింది. పోనీ లెండి, బండి కూడా మన ఊళ్లోకి వచ్చి చానా ఏండ్లైంది.

ఇక మిగిలింది రెండక్షరాల గడి ఒక్కటే. అక్షరాలు చూస్తుంటే మాట దానంతటదే నోట్లోకి వచ్చింది. మే నెల, కరెంటు లేదు, జిరాక్స్ మిషను పొయ్యిలా కాగుతోంది, రాని మాట ఇంకేముంటుంది? దూ మీది నుంచి ప మీదికి వేలు గీశాను.

దూప.

గడి అటూ ఇటూ ఊగింది. "ఇది పదం కాదు" అన్నారు మీరు.

వేలు జారిందనుకున్నాను. మళ్లీ గీశాను. ఊగింది. ఫోను ఆపి పెట్టాను. ఊగింది. సిగ్నల్ లేదేమోనని బయటికెళ్లి ఎండలో నిలబడి గీశాను. ఎండలో కూడా పదం కాదట. అప్పుడు ఆ చెడగొట్టిన పది కాగితాల వెనక లెక్క మొదలుపెట్టాను. ఆరక్షరాల్లో రెండు తీస్తే 30 జతలు. ముప్పైనీ రాశాను. రుకా, రంప, లుదూ, పకా... ఇవి ఎవరైనా చూస్తే నన్ను ఏ డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలో వెంటనే తెలుస్తుంది. అయిపోయినవి కొట్టేసి, ఏ ఊళ్లోనూ పలకనివి కొట్టేసి చూస్తే చివరికి రెండు మిగిలాయి. ఒకటి దూరు. రెండోది దూప.

దూరు అని పెడితే అయిపోతుందని నాకు అప్పుడే తెలుసు. పెట్టలేదు. ఇంకో ముప్పావు గంట పెట్టలేదు. సూచన నొక్కి, అరనిమిషం సేపు ఎవరిదో రమ్మీ ప్రకటన చూసి, అక్కడైనా న్యాయం జరుగుతుందేమోనని ఆశపడ్డాను. మీరు 'దూ' అని ఒక్క అక్షరం చూపించి ఊరుకున్నారు. ఆ 'దూ' పక్కన ప పెట్టడానికి కూడా మీ సూచనే దారి చూపింది కదా స్వామీ!

మీకు దూప అంటే ఏమిటో తెలియదు కాబట్టి చెప్తాను. మీ నిఘంటువులో దాహం ఉంది, 187వ లెవెల్లో నేనే పెట్టాను. దప్పిక ఉంది, అదీ పెట్టాను. దాహం అంటే పుస్తకంలో ఉండేది. దప్పిక అంటే రేడియోలో ఉండేది. దూప అంటే మా అమ్మకు అయ్యేది. "దూపైతుంది బిడ్డా" అంటే గొంతు, నాలుక, పెదవి మూడూ ఎండినట్టు. పొలం నుంచి వచ్చిన మనిషికి అయ్యేది దూప. నడిరాత్రి లేపేది దూప. ఈ జిల్లాలో ఆ మాట పలకకుండా ఒక ఎండాకాలం గడిపిన మనిషిని చూపించు, రెండు వేల నాణేలు నేనే ఇస్తాను.

అవును, 'చూపించు' అనే అన్నాను. మీరు గీరు అయిపోయింది. విను.

నల్గొండకు దూప నేర్పేంతటోనివా నువ్వు? కృష్ణ మా జిల్లా అంచున పారుతుంది. నాగార్జునసాగర్ మా దగ్గరే కట్టారు. మేము మాత్రం బోరు నీళ్లు తాగాం. ఆ నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని లెక్క ఉంది. దూపకు ఆ లెక్క తెలియదు. తాగాం. నా ముందు పళ్ల మీద గోధుమరంగు గార ఉంది, చిన్నప్పుడు పళ్లు తయారయ్యే వయసులో పట్టింది, తోమితే పోయేది కాదు. పెళ్లిచూపులకు పోయినప్పుడు నవ్వొద్దని మా మేనమామ చెప్పి తీసుకుపోయాడు. మర్రిగూడ దిక్కు ఊళ్లల్లో నా ఈడు వాళ్లు నడుం వంగి కర్ర పట్టుకుని నడుస్తారు. నాకు పళ్లతో పోయింది.

నాగపూర్‌లో నీరి అని ఒక పరిశోధన సంస్థ ఉంది. 1970ల్లో వాళ్లు ఫ్లోరైడ్ తీసేసే పద్ధతి ఒకటి తయారుచేశారు. నీళ్లలో పటిక, సున్నం, కొంచెం బ్లీచింగ్ పౌడరు వేసి కలియబెడితే తెట్టెలా కట్టి అడుగుకు దిగుతుంది, ఫ్లోరైడ్‌లో చాలా భాగం దాంతో పాటే పోతుంది, పైన తేరిన నీళ్లు వంచుకుంటారు. దానికి పెట్టిన పేరేంటో తెలుసా? నల్గొండ టెక్నిక్. కెన్యా, టాంజానియా దాకా పోయింది ఆ పేరు. అక్కడ నీళ్ల పని చదివినవాళ్లకు మా ఊరి పేరు తెలుసు. తెలుగు ఆటవి, నీకు మా ఊరి దూప తెలియదు!

ఇంకా ఉన్నాయి. జడ్చర్లలో మా బామ్మర్ది కూడా నిన్నే ఆడతాడు, అదేం ఖర్మో. మజ్జిగను మేమనే 'సల్ల' పెడితే కాదన్నావట. సంకటిలాంటి 'గటక' పెడితే కాదన్నావట. వాడు పొద్దున అదే తాగి, అదే తిని, నీతో ఆడటానికి కూర్చున్నాడు. నాకు 'అర్ర', అంటే గది, కాదన్నావు. నేను ఆ అర్రలోనే కూర్చుని ఆడుతున్నాను. కేకు మాత్రం పదం. టైరు పదం. నిన్న సాయంత్రం వాడు ఫోన్ చేసి, "బావా, మనం మాట్లాడేది ఏ భాష అంటవ్?" అని అడిగాడు. నవ్వులాటకే అడిగాడు. నాకు నవ్వు రాలేదు.

"పదం చేర్చమని కోరండి" అని నీ దగ్గర ఒక మీట ఉంది కదా, అది కూడా నొక్కాను. దూప, అర్థం, వాడుక, అన్నీ రాసి పంపాను. "మీ సూచనకు ధన్యవాదాలు" అని ఇంగ్లిష్‌లో జవాబు వచ్చింది. దాని కింద మళ్లీ రమ్మీ ప్రకటన.

నాలుగింటికి 'దూరు' పెట్టాను. ఒప్పుకుంటున్నాను, పెట్టాను. రంగు కాగితాలు ఎగిరాయి. పక్కన అర్థం కూడా ఇచ్చావు: నిందించు. అందుకే ఈ ఉత్తరం. దూరుమని నువ్వే అన్నావు, దూరుతున్నాను.

ఇది రాస్తుంటే వెనక మంచంలో నుంచి అమ్మ లేచి, "ఏం రాస్తున్నవ్‌రా గంతసేపు?" అని అడిగింది. చెప్పాను: దూప అనే మాట లేదంటున్నారమ్మా, ఫోన్లో.

"ఎవరు?"

"ఈ ఆట చేసినోళ్లు."

కాసేపు ఆలోచించింది. "లేకపోతే మానె గానీ, జర చెంబెడు నీళ్లు తే" అంది.

తెచ్చి ఇచ్చాను. గటగటా తాగి, కొంగుతో మూతి తుడుచుకుని పడుకుంది. తిరిగొచ్చి చూస్తే, నా వేలు ఎక్కడ తగిలిందో ఏమో, మీరు 213వ లెవెల్ తెరిచి పెట్టారు. మళ్లీ 'మీరు' అంటున్నాను, కోపం కొంచెం తగ్గింది. అక్షరాలు నాలుగే ఉన్నాయి: అ, బు, ర్ర, డు. బుర్ర ఉంది, అది మీరు ఒప్పుకుంటారు. దాన్ని తర్వాత పెడతాను.

ముందు అర్ర పెట్టాను. ఊగింది. మళ్లీ పెడుతున్నాను.

ఇట్లు,
క్లాక్ టవర్ దగ్గరి జిరాక్స్ షాపు నుంచి
మీ 213వ లెవెల్ ఆటగాడు