హబుల్ స్థిరాంకం గారికి ఒక గట్టు తగాదాదారుని విన్నపం

మహారాజశ్రీ హబుల్ స్థిరాంకం గారి సముఖమునకు, అనంతపురం జిల్లాలో తాడిపత్రి వైపు పల్లె నుండి వ్రాయు విన్నపం.

మా శనక్కాయ చేను పాసు పుస్తకంలో 6 ఎకరాల 74 సెంట్లు. గొలుసు పట్టి కొలిస్తే 7 ఎకరాల 30 సెంట్లు. ఆ 56 సెంట్ల మీద మా చిన్నాన్న మాతో మాట్లాడక 9 ఏళ్లయింది. అందుకే, విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందో చెప్పే అంకె అయిన తమరి మీదా రెండు కొలతల తగాదా ఉందని చదివినప్పుడు పరాయి కథ అనిపించలేదు. విశ్వపు తొలి వెలుగును కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం వారు తమరిని 67.4 అంటారు, సెఫీడ్‌లనే మినుకుమనే నక్షత్రాలను, సూపర్నోవాలనే పేలిన నక్షత్రాలను దూరాలు కొలిచే మెట్లుగా చేసుకుని ఎక్కినవారు 73 అంటారు. గెలాక్సీలు మన నుండి తరలిపోయే వేగం, ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు అన్ని కిలోమీటర్లని లెక్క. పేరులో మాత్రం స్థిరాంకం! (1929లో హబుల్ దొర తమరిని దాదాపు 500 అన్నాడు. ఆ లెక్కన విశ్వం వయసు 200 కోట్ల ఏళ్లు, అంటే బిడ్డయిన భూమి కన్నా తల్లి చిన్నది.)

ఇద్దరికీ పొసగకపోతే మూడో మనిషిని పిలవడం మా సీమ పద్ధతి. తమరికి ఆ మధ్యవర్తిని నార్వే ఖగోళ శాస్త్రజ్ఞుడు షూర్ రెఫ్స్‌డాల్ 1964లోనే చూపించాడు. దూరపు గెలాక్సీ నడిబొడ్డున ధగధగా వెలిగే క్వేసార్‌కూ మనకూ నడుమ ఒక భారీ గెలాక్సీ వస్తే, దాని గురుత్వం వెలుగును వంచి, ఒక్కదాన్నే రెండుగానో నాలుగుగానో చూపిస్తుంది. అనంతపురంలో ఒకే గంటకు బయలుదేరిన ఇద్దరిలో ఒకరు తాడిపత్రి మీదుగా, మరొకరు కదిరి, రాయచోటి మీదుగా కడపకు వెళితే, బస్టాండులో ఎవరో ఒకరు ఎదురుచూడక తప్పదు. క్వేసార్ మినుకు కూడా ఒక బింబంలో ముందు, మరొక బింబంలో వెనుక కనబడుతుంది. 1979లో దొరికిన మొదటి జంట బింబాల మధ్య ఆ ఆలస్యం 417 రోజులు. ఆలస్యమూ, దారులు వంగిన తీరూ తెలిస్తే దూరాలు తెలుస్తాయి, దూరాల నుండి తమరు తెలుస్తారు. మెట్లతో పని లేదు, ప్లాంక్ సాయమూ అక్కరలేదు కనుక ఈ పెద్దమనిషి ఎవరి పక్షమూ కాదని సంబరపడ్డాను.

అయితే ఆ పెద్దమనిషి, అంటే నడుమనున్న గెలాక్సీ, బరువెంతో ముందు తేలాలి. కనబడని పదార్థాన్ని ఆ గెలాక్సీ మీద దుప్పటిలా సమంగా పరచి, మిగతా బరువును ఆ మేరకు సర్దితే, బింబాలు ఉన్నచోటే ఉంటాయి, ఆలస్యం మాత్రం మారుతుంది. దానితో తమరూ మారతారు. ఆరు క్వేసార్లతో మొదట వచ్చిన తీర్పు 73.3. బరువు పంపకం మీద ఊహలు సడలించి, ఏడు లెన్సులతో (వెలుగును వంచే గెలాక్సీలను అలా అంటారు) 2020లో చూస్తే 74.5, అదీ దాదాపు 6 అటూ ఇటూగా. మరో 33 లెన్సు గెలాక్సీల సమాచారం కలిపితే 67.4! పొద్దున చిన్నాన్న ఇంట టిఫిను తిని, మధ్యాహ్నం మా ఇంట భోంచేసినవాడు కూడా ఇంత త్వరగా మాట మార్చడు.

నిజానికి శాస్త్రజ్ఞులను అనవలసిన పని లేదు. తమ ఊహ ఎక్కడ బలహీనమో వారే వెతికి, వారే ప్రకటించారు. మా గొలుసు మధ్యలో ఒక లింకు వంగి ఉండడం నేను చూసి, వేలు పెట్టి చూపించాను. వంగితే గొలుసు పొట్టిదవుతుంది, చేను పెద్దదవుతుంది. "ఆ గొలుసు అంతే సార్" అని కొలిచేవాడు దాన్ని చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

మా వాయిదా వచ్చే సోమవారం. అదే గొలుసు వస్తుందట.

ఇట్లు,
తమ విధేయుడు,
56 సెంట్ల వాది