ఊడివచ్చే పిడే మంచి పిడి

చెక్క పిడి ఉన్న కత్తి పాడవడం దాదాపు ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. అలుగుకు, అంటే కోసే ఉక్కు భాగానికి, ఏమీ కాదు. పిడి వెన్ను మీద చెక్క, ఉక్కు కలిసే చోట గోటికి తగిలేంత మెట్టు వస్తుంది. కొన్నాళ్లకు ఆ మెట్టు వెంట నల్లటి గీత కనబడుతుంది. తర్వాత రివెట్ దగ్గర సన్నటి పగులు. చివరికి ఒకవైపు పలక కదలడం మొదలుపెడుతుంది. "చెక్క నిలవదు, ప్లాస్టిక్‌దే కొనాల్సింది" అని తీర్పు కూడా వచ్చేస్తుంది.

ఈ తీర్పులో చెక్కకు అన్యాయం జరుగుతోందని నా అభిప్రాయం. ఇలా పాడైన పిడుల్లో చాలావాటిలో తప్పు అతుకుది. చేత్తో పిడులు చేసే పని మీద మళ్లీ ఆసక్తి పెరిగింది, సంతోషమే. కానీ వీడియోల్లో నడిచే చర్చంతా ఏ కర్ర అందంగా ఉంటుంది, ఏ జిగురు గట్టిగా పడుతుంది అన్నదాని చుట్టూనే తిరుగుతోంది. ఈ పిడి పాడైన రోజున అలుగుకు దెబ్బ తగలకుండా దీన్ని తీసేయగలమా అని అడిగేవాళ్లు తక్కువ. అలుగు ఆయుష్షు, పిడి ఆయుష్షు ఒకటి కావు. మంచి ఉక్కును జాగ్రత్తగా సానబెట్టుకుంటూ వాడితే ఒక మనిషి జీవితకాలం వస్తుంది. రోజూ తడిసే చెక్క అన్నాళ్లు రాకపోవచ్చు. ఆ సంగతి ముందే ఒప్పుకుని పిడి చేయడం వేరు, ఒప్పుకోకుండా చేయడం వేరు.

చెక్క కదులుతుందంటారు సరే, ఎంత కదులుతుంది? గాలిలో తేమ పెరిగితే పీల్చుకుని ఉబ్బుతుంది, తగ్గితే వదిలేసి కుంచించుకుపోతుంది. చెక్కలో తేమ దాదాపు 30 శాతానికి చేరేదాకా ఈ ఉబ్బు సాగుతుంది. ఆపైన ఎంత నీరు చేరినా కొలత మారదు. నార పొడవునా వచ్చే తేడా లెక్కలోకి రాదు, చిక్కంతా వెడల్పులోనే. అందులోనూ చెట్టు పెరుగుదల వలయాల వెంబడి వచ్చే మార్పు, చెట్టు గుండె నుంచి బెరడు వైపు వచ్చే మార్పుకు సుమారు రెట్టింపు. బీచ్ అనే చెట్టు పచ్చి కర్ర పూర్తిగా ఎండేసరికి వలయాల దిశలో 12 శాతం దాకా తగ్గుతుంది. టేకు అయితే 6 శాతం లోపే.

ఇప్పుడు 25 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక పలకను తీసుకుందాం. వలయాల దిశ దాని వెడల్పులోనే పడిందనుకుందాం. పొడి రోజుల్లో 8 శాతం తేమతో ఉన్న ఆ పలక ముసురు రోజుల్లో 14 శాతానికి చేరితే, బీచ్ అయితే 0.6 మిల్లీమీటరు పెరుగుతుంది, టేకు అయితే 0.3. వినడానికి ఏముందిలే అనిపిస్తుంది. కానీ మామూలు రాత కాగితం మందం 0.1 మిల్లీమీటరు, వేలికొస అంతకన్నా చిన్న తేడాను కూడా ఇట్టే పట్టేస్తుంది. ఈ పెరుగుదలలో ఉక్కుకు ఏ వాటా లేదు, అది తేమకు చలించదు. అందుకే పక్కపక్కనే ఉన్న రెండింటి మధ్య మెట్టు వస్తుంది. రెండు వైపులా కదలకుండా జిగురుతో, రివెట్లతో బిగించేస్తే ఆ బలం ఎక్కడో ఒకచోట బయటపడాలి. రివెట్ రంధ్రం దగ్గర పగులు అలా వచ్చిందే.

ఫ్రాన్స్‌లో 1890లో పుట్టిన ఒపినెల్ మడత కత్తి వాడేవాళ్లకు ఇది బాగా తెలుసు. దాని పిడి సాధారణంగా బీచ్ కర్రది. బాగా తడిస్తే చెక్క ఉబ్బి అలుగును పట్టేసుకుంటుంది, గోటితో లాగినా తెరుచుకోదు. ఆరనిస్తే మళ్లీ మామూలే. దాన్ని వాడేవాళ్లు తిట్టుకుంటూనే ఆ కత్తిని వదలరు.

పిడి బిగించే పద్ధతులు ఎన్ని ఉన్నా, మూలంలో రెండే. ఫుల్ టాంగ్ అనే పద్ధతిలో అలుగు ఉక్కే వెనక్కి సాగి పిడి ఆకారంలో ఉంటుంది. దానికి అటొక పలక, ఇటొక పలక అతికించి రివెట్లు వేస్తారు. రెండో పద్ధతిలో అలుగు వెనక భాగం సన్నటి తోకలా ఉంటుంది, దాన్ని చెక్కలో చేసిన రంధ్రంలోకి దించుతారు. బయటికి ఉక్కు కనబడదు. మొదటిదే గట్టిది, రెండోది నాసిరకం అనే నమ్మకం బాగా పాతుకుపోయింది. కట్టెలు కొట్టే కత్తికి, అలుగు మీద సుత్తితో మోదే పనికి ఆ మాట నిజమే. కూరగాయలు తరిగే కత్తికి అంత బలం దేనికి?

జపాన్ సంప్రదాయ వంటకత్తిని చూడండి. హోనోకి అనే తేలికపాటి మాగ్నోలియా కర్రతో పిడి, మెడ దగ్గర గేదె కొమ్ముతో చేసిన పొన్ను. అలుగు తోకను వేడి చేసి దించితే తన దారిని తనే కాల్చుకుంటూ బిర్రుగా కూర్చుంటుంది. పిడి పాతబడితే అలుగు పక్కనుంచి పొన్నుకు ఒక కర్రముక్క ఆనించి సుత్తితో తడతారు, పిడి వెనక్కి జారుతుంది. కొత్తది ఎక్కించి మళ్లీ తరగడమే. ఫిన్లాండ్ పూక్కో కత్తిలోనూ తోక పిడిలోపలే ఉంటుంది. అక్కడ మెలికల చారలుండే బిర్చ్ కర్ర వాడతారు, బిర్చ్ బెరడు ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చి కూడా చేస్తారు. ఆ బెరడు పిడి తడి చేతిలో జారదు, గడ్డకట్టే చలిలో చేతికి చల్లగా తగలదు.

ఈ పద్ధతిలో నాకు నచ్చేది ఒకటే. చెక్క ఉబ్బినా, తగ్గినా చేతికి తెలియదు, ఎందుకంటే పక్కన పోల్చి చూపే ఉక్కు అంచు లేదు. పిడి చుట్టూరా నడిచే అతుకు గీత ఉండదు, నీళ్లు దూరే చోటు మెడ దగ్గర ఒక్కటే. దాన్ని మైనంతోనో, జిగురుతోనో మూసేస్తే సరిపోతుంది. మూయకపోతే మాత్రం తోక లోలోపల తుప్పు పట్టేస్తుంది, అది పైకి కనబడదు. ఈ పద్ధతికి ఉన్న అసలు లోపం ఇదే, చిన్నది కాదు. ఊడదీసి చూసుకోగలిగితేనే దీనికి మందు.

ఫుల్ టాంగ్ వద్దని అనడం లేదు. బరువు వెనక్కి ఉండటం కొందరికి ఇష్టం. అలా చేసేటప్పుడు పలకకూ ఉక్కుకూ మధ్య పల్చటి ఫైబర్ షీట్ పెడితే చెక్క కదలికను అది కొంత ఓర్చుకుంటుంది. కొట్టి చదును చేసే రివెట్ బదులు మరతో బిగించే బోల్టు వేస్తే తర్వాత విప్పడం సులువు. అయిదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ జిగురు తొందర పనికి బాగుంటుంది గానీ తడికి ఓర్చుకోవడంలో 24 గంటలు తీసుకునే రకమే నయం. అతుకు ఆరేదాకా నొక్కి పట్టే క్లాంప్‌ను బలంగా బిగించేయడం ఇంకో పొరపాటు. జిగురంతా పక్కలకు కారిపోయి మధ్యలో ఏమీ మిగలదు. టేకు లాంటి నూనె కర్రలనైతే అతికించే ముందు అసిటోన్‌తో తుడవాలి.

చెక్క మురికిని పట్టి ఉంచుతుందనే ఆరోపణ కూడా ఇక్కడికే వస్తుంది. అమెరికాలో డీన్ క్లైవర్ బృందం 1994లో కటింగ్ బోర్డుల మీద ప్రచురించిన పరిశోధన చాలామందిని ఆశ్చర్యపరిచింది. చెక్క మీద వేసిన బ్యాక్టీరియా లోపలికి ఇంకిపోయి పైనుంచి తిరిగి దొరకడం తగ్గిపోయింది. కత్తిగాట్లు పడిన ప్లాస్టిక్‌ను చేత్తో కడిగి శుభ్రం చేయడం కష్టమైంది. అది బోర్డుల మీద చేసిన పని, పిడుల మీద కాదు, కాబట్టి దాన్ని తెచ్చి ఇక్కడ అతికించను. పిడిలో మురికి నిలిచేది చెక్క ఒంట్లో కంటే చెక్కకూ ఉక్కుకూ మధ్య తెరుచుకున్న సందులో. ప్లాస్టిక్ పలకలైనా అతుకు విడిస్తే జరిగేది అదే.

ఇక అందం సంగతి. చెట్టు మీద వచ్చే బుడిపెల చెక్కకు, నీలం రెసిన్ (పోశాక గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం) పోసిన ముక్కలకు, రివెట్ స్థానంలో పూలు పూసినట్టుండే మొజాయిక్ పిన్నులకు ఇప్పుడు గిరాకీ ఎక్కువ. ఫొటోలో అద్భుతంగా ఉంటాయి, కాదనను. కానీ బుడిపె చెక్కలో నార ఎటుపడితే అటు తిరిగి ఉంటుంది, బలం తక్కువ. అందుకే దాన్ని వాక్యూమ్‌లో పెట్టి గాలి లాగేసి, రెసిన్ ఎక్కించి, ఓవెన్‌లో గట్టిపరుస్తారు. దీన్ని స్టెబిలైజ్డ్ వుడ్ అంటారు. తేమకు దాదాపు చలించదు, రోజంతా నీళ్లలో పనిచేసేవాళ్లకు నిజంగా ఉపయోగమే. అయితే ప్లాస్టిక్ వద్దని చెక్క దగ్గరికి వచ్చి, ఆ చెక్క ఒళ్లంతా ప్లాస్టిక్ నింపుకోవడంలో కొంత తమాషా ఉంది.

అరుదైన కర్రల మోజు ఇంకో కథ. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992లోనే అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందంలోని అత్యంత కఠినమైన మొదటి జాబితాలోకి వెళ్లింది. 2017 జనవరిలో మిగిలిన రోజ్‌వుడ్ జాతులన్నిటి అంతర్జాతీయ వ్యాపారానికీ అనుమతి పత్రాలు తప్పనిసరయ్యాయి. 2019 సమావేశం తర్వాత తయారైన చిన్న వస్తువులకు బరువు పరిమితితో కొంత సడలింపు వచ్చింది. రూలు సడలింది కదా అని అడవిలో ఆ చెట్టు పెరిగిపోలేదు. పిడికి కావాల్సింది అరచేతి పొడవు ముక్క. చేవ దేరిన, ముడి లేని, నార నిటారుగా సాగిన మామూలు గట్టి కర్ర ఏదైనా చాలు. అంగుళం మందానికి ఏడాది ఆరబెట్టాలన్నది పాత లెక్క. ముక్కను వారం వారం తూచి, బరువు తగ్గడం ఆగిందో లేదో చూసుకోవడం అంతకన్నా నమ్మకమైన పని.

చేతిపని ఫ్యాక్టరీని నిజంగా ఓడించేది ఆకారంలో. అచ్చులో పోసిన పిడి సగటు చేతికి సరిపోయేలా ఉంటుంది, సగటు చేయి మాత్రం ఎవరికీ ఉండదు. గుండ్రటి పిడి చేతిలో తిరిగిపోతుంది. కోలగా ఉంటే కళ్లతో చూడకుండానే అంచు ఎటుందో అరచేతికి తెలుస్తుంది. చూపుడువేలు ఆనే చోట పిసరంత పల్లం, చిటికెన వేలి దగ్గర కొంచెం ఉబ్బు చాలు. పని చేయించుకునేవాళ్లు చేతిని తడుపుకుని ముక్కను పట్టుకోవాలి. బిగించినప్పుడు చర్మం తెల్లబడిన చోట చెక్క ఎక్కువైందని అర్థం. అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి ఆకురాయితో రెండు వరసలు తీసి మళ్లీ పట్టించాలి. తీయడం తేలికే గానీ తీసింది తిరిగి అతకదు, కాబట్టి మంచి పనివాళ్లు ఈ దశలో నత్తనడక నడుస్తారు. చివర్లో సాండ్ పేపర్ పట్టాక తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే పడుకున్న నూగు లేచి నిలబడుతుంది. ఆరాక దాన్ని తీసేయాలి. ఈ ఒక్క పని మానేస్తే మొదటిసారి కడగ్గానే పిడి గరుకెక్కుతుంది.

గరిటెలు, పెనాల పిడుల విషయంలో చెక్కకు పెద్దగా వాదన అక్కర్లేదు. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో వేడి చెక్కలో కంటే దాదాపు వంద రెట్లు సులువుగా పారుతుంది. అక్కడ చూసుకోవాల్సింది మంట నుంచి దూరం, వదులైనప్పుడు బిగించుకునే స్క్రూ.

పైపూత దగ్గర నా ఓటు అవిసె నూనెకే. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, అరిగితే మళ్లీ రాసుకోవచ్చు. మెరిసే వార్నిష్ తడి చేతిలో జారుతుంది, ఒకచోట లేచిందంటే మొత్తం గీకాల్సిందే. అవిసె నూనెతో ఒక ప్రమాదం మాత్రం ఉంది. తుడిచిన గుడ్డను ఉండచుట్టి పడేస్తే లోపల వేడి పుట్టి దానంతట అదే అంటుకోగలదు. పరిచి ఆరేయాలి లేదా నీళ్లలో ముంచాలి. చెక్క పొడిని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది. కొకొబోలో లాంటి కర్రల పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తుంది. మాస్క్ లేకుండా గ్రైండర్ పట్టుకున్న వీడియోలు చూస్తే నాకు టెన్షన్.

నా వాదన ఎక్కడ ఆగుతుందో కూడా చెప్పాలి. మాంసం, చేపలు కోసే పెద్ద వంటశాలల్లో, ప్రతిదీ డిష్‌వాషర్‌లో పడే చోట చెక్క పిడి పెట్టమని నేను అనను. వేడినీళ్లు, ఘాటైన డిటర్జెంట్, ఆపైన ఆరబెట్టే వేడి కలిస్తే ఎంత మంచి చెక్కయినా తట్టుకోలేదు. అక్కడ అచ్చుపోసిన పిడే సరైనది. ఇంట్లో చేత్తో కడిగి, తుడిచి పెట్టుకునేవాళ్ల కథ వేరు.

పనివాళ్ల వైపు నుంచి వచ్చే అభ్యంతరం ఇంకోటి ఉంది. ఊడివచ్చేలా చేస్తే కొనేవాళ్లు దాన్ని గట్టిగా లేదనుకుంటారని వాళ్ల భయం. అది కొంతవరకు నిజమే. కానీ కత్తితోపాటు వచ్చే చీటీలో పిడి ఏ కర్రదో, ఏ నూనె రాశారో, ఎలా విప్పాలో రాసిస్తే ఆ అనుమానం చాలావరకు పోతుంది. అదే దుంగ నుంచి కోసి ఆరబెట్టిన ఇంకో ముక్కను పక్కన పెట్టి ఉంచితే, మార్చాల్సిన రోజున వెతుక్కునే పనే ఉండదు.