రెండంగుళాల బొగ్గు మీద శ్వేతపత్రం

ఏ సమస్య మీదైనా కమిటీ వేయడానికి మన దగ్గర ఒక పద్ధతుంది. ముందు సమస్య చచ్చిపోవాలి. దాని దినవారాలు పూర్తికావాలి. అప్పుడు వేస్తే సభ్యులు నిష్పక్షపాతంగా ఉంటారు, నివేదికను అమలు చేయాల్సిన ఇబ్బంది ఎవరికీ ఉండదు. ఆ లెక్కన సినిమా ప్రొజెక్టర్లలో కార్బన్ కడ్డీల దుబారా మీద కమిటీ వేయడానికి ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదు. ఆర్క్ దీపాల చోటుకి జినాన్ బల్బులొచ్చాయి. 2005 తర్వాత డిజిటల్ వచ్చి రీళ్లనే మింగేసింది. ఇప్పుడు లేజర్ అంటున్నారు. పొదుపు చేయడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి పొదుపు గురించి మనసు విప్పి మాట్లాడుకోవచ్చు.

ఈ తరం వాళ్ల కోసం కాస్త వివరం. పాత ప్రొజెక్టర్‌లో బల్బు ఉండేది కాదు. లాంప్ హౌస్ అనే ఇనుప డబ్బాలో రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా ఉండేవి, ఒకటి పాజిటివ్, ఇంకోటి నెగటివ్. రెక్టిఫయర్ నుంచి డీసీ కరెంటు ఇచ్చి రెండింటి మొనల్నీ ఒక్క క్షణం తాకించి విడదీస్తే మధ్యలో మంట నిలిచేది, దాన్నే ఆర్క్ అంటారు. పాజిటివ్ కడ్డీ కొసన గుంట పడి, అక్కడ వేడి 3,500 డిగ్రీల సెల్సియస్ దాటేది. కడ్డీ నడిమధ్యన సీరియంలాంటి లవణాలు కూరి ఉండటం వల్ల వెలుగు పసుపుగా కాకుండా తెల్లగా వచ్చేది. దాన్ని వెనకున్న అద్దం ఒడిసిపట్టి ఫిల్మ్ మీదికి తోసేది. స్విచ్ వేసి పక్కకెళ్లి టీ తాగొచ్చే వ్యవహారం కాదు. కడ్డీలు కాలుతుంటే మధ్య ఎడం పెరుగుతుంది, పెరిగితే ఆర్క్ ఆరిపోతుంది. అందుకే ఆపరేటర్ నల్లద్దంలోంచి చూస్తూ, ఆట జరిగినంతసేపూ రెండు కడ్డీలనూ పిసరంత పిసరంత ముందుకు జరుపుతూనే ఉండాలి. కడ్డీలు జరిపే మోటారున్న మిషన్లూ ఉండేవి. వాటిని నమ్మి కునుకు తీసిన ఆపరేటర్‌ని నేల టికెట్ జనం ఈలలు వేసి లేపేవాళ్లు.

ఇక అసలు నేరం దగ్గరికి వద్దాం. పాజిటివ్ కడ్డీ 14 అంగుళాలనుకోండి. 2,000 అడుగుల రీలు సుమారు 22 నిమిషాలు నడుస్తుంది. అంతలో కడ్డీ నాలుగంగుళాలు తింటుందని లెక్క. హోల్డర్ దవడలు పట్టుకున్న చివరి రెండంగుళాలు కాల్చడానికి లేదు, కాలిస్తే దవడలే మాడిపోతాయి. పోగా మిగిలింది పన్నెండు, అంటే సరిగ్గా మూడు రీళ్లు. కాగితం మీద ఎంత అందంగా ఉందో చూడండి. కానీ ఓల్టేజీకి కాగితం చదవడం రాదు. ఏ రాత్రో కాస్త ఎక్కువ కరెంటు లాగి, కడ్డీ రీలుకు నాలుగుంపావు కాలిందనుకుందాం. రెండు రీళ్లయ్యేసరికి చేతిలో ఐదున్నర అంగుళాల ముక్క. అందులో కాల్చగలిగింది మూడున్నర. మూడో రీలుకు కావల్సింది నాలుగుంపావు. హీరోయిన్ ఏడుపు మధ్యలో దీపం ఆరిపోయే సాహసం ఎవరు చేస్తారు? ఆపరేటర్ ఆ ముక్క తీసి పక్కన పడేసి కొత్త కడ్డీ బిగిస్తాడు.

ఆ పక్కన పడేసిన ముక్కే హాలు ఓనరుగారికి నిద్ర పట్టనివ్వలేదు.

తెలివైన ఆపరేటర్లు ఈ ముక్కల్ని పొడుగు ప్రకారం వరసగా పెట్టుకుని, చివర్లో వచ్చే పొట్టి రీలుకు సరిపడేది ఏరి వాడేవాళ్లు. అది పొదుపే. కానీ అందులో ఓనరు ప్రతిభ ఏముంది? పనివాడి బుర్రలోంచి వచ్చే పొదుపును మన యాజమాన్యాలు ఏనాడూ పొదుపుగా గుర్తించలేదు. పైనుంచి ఉత్తర్వుగా దిగితేనే అది పొదుపు. అలా దిగిన మార్గాలు ప్రధానంగా మూడు. మొదటిది కార్బన్ సేవర్, అంటే దవడలకు కొసరు తగిలించి ముక్కను ఇంకో అంగుళం దాకా కాల్చే చిన్న లోహపు పట్టీ. పాపం, అది నిజంగానే పనికొచ్చేది. కాబట్టి దాని గురించి ఈ వ్యాసంలో చెప్పుకోడానికి ఏమీ లేదు.

రెండోది జాయింటు. దీని మీద పరిశోధనలు జరగాలి. ముక్కకు కొసన చిల్లి పెట్టి, ఇంకో ముక్కను చెక్కి అందులో దూర్చడం, లేదా రెంటినీ కలిపి రాగిరేకు చుట్టడం. విదేశాల్లో ఇలా కలుపుకోవడానికి వీలుగా తయారైన కడ్డీలే అమ్మేవాళ్లు. మన దగ్గర ఆ పని మేకుతో, సుత్తితో, దైవభక్తితో జరిగేది. అతుకు ఆర్క్ దాకా రానంత వరకు అంతా ప్రశాంతం. వచ్చినప్పుడు చూడాలి. ముందు ఒక బుస్సుమన్న శబ్దం. చుట్టిన రాగి మండి మంట ఆకుపచ్చగా మారుతుంది. తెర మీద తులసికోట దగ్గర నిలబడ్డ తల్లి ముఖం పచ్చబడుతుంది, తర్వాత గోధుమరంగు తిరుగుతుంది, తర్వాత తల్లీ ఉండదు, తులసికోటా ఉండదు. మాటలు మాత్రం వినిపిస్తుంటాయి. గిట్టనివాళ్లు దీన్ని లోపమన్నారు. నలుపు తెలుపు సినిమాకి నాలుగు సెకన్లపాటు పైసా అదనంగా తీసుకోకుండా రంగు చూపించిన సంగతి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు.

ఆ సమయంలో మిషన్ గది గుమ్మం దగ్గర జరిగే సంభాషణ దాదాపు అన్ని ఊళ్లలోనూ ఒకటే.

"ఏమయ్యా, ఏమైంది?"

"జాయింటు మీదికొచ్చింది సార్. నిన్ననే చెప్పాను, ఈ ముక్క వద్దని."

"ముక్క వద్దంటే ఎట్లా? కొత్తది పెట్టాక పాత ముక్క ఏం చేస్తావు?"

"పారేస్తాను సార్."

"మరి, అదీ సంగతి. నీ సొమ్మయితే పారేస్తావా?"

ఈ ప్రశ్నకు జవాబు లేదు. కింద నుంచి "ఓయ్, లైటు!" అని మూడొందల గొంతులు చెప్పే జవాబు ఓనరుగారి చెవికి ఆనదు. వాళ్లు టికెట్లు ఎప్పుడో కొనేశారు కదా.

మూడోది ఆంపియర్ల కోత, అంటే ఆర్క్‌కిచ్చే కరెంటు తగ్గించడం. ఇది ముందు రెండింటికన్నా సూక్ష్మమైనది. సాంకేతికంగా చూస్తే పక్కా శాస్త్రీయం. ఇలాంటి కార్బన్లలో కరెంటు కొంచెం పెంచితే కడ్డీ అంతకుమించిన వేగంతో కాలుతుంది, కాబట్టి కొంచెం తగ్గిస్తే మిగిలేదీ అంతే ఎక్కువ. ఇక్కడిదాకా విని ఓనరుగారు లేచి వెళ్లిపోతారు. తర్వాతి వాక్యం ఆయన వినరు. ఒక హద్దు దాటి కరెంటు తగ్గితే పాజిటివ్ కొసన గుంట నిలవదు, తెల్లని వెలుగు పోయి పసుపు దీపం మిగులుతుంది. అప్పుడు తెర మీద మిట్టమధ్యాహ్నం సాయంత్రమవుతుంది. సాయంత్రం చీకటి పడుతుంది. రాత్రి సీన్లు మొత్తం రేడియో నాటకాలైపోతాయి. విలన్ చేతిలో ఉన్నది కత్తో, పూలదండో తెలియాలంటే హీరోయిన్ అరిచేదాకా ఆగాలి. ఒక రకంగా సస్పెన్స్ పెరిగిందనే చెప్పాలి. దీనికి దర్శకుడికి పేరు రావడం అన్యాయం.

ఇందులో ఒక జాతీయ సమతుల్యం కూడా ఉంది. మద్రాసు స్టూడియోల్లో ఆ సీను తీసేటప్పుడు వాడినవీ ఆర్క్ లైట్లే. బ్రూట్ అని ఒకటుండేది, 225 ఆంపియర్లు తాగే రాక్షసి. దాంట్లోనూ కార్బన్ కడ్డీలే. హీరోయిన్ చెంప మీద వెలుగు సరిగ్గా పడాలని కెమెరామన్ పూటంతా తంటాలు పడేవాడు, లైట్‌బాయ్ పరంజా మీద కూచుని ఆ పొగలోనే కడ్డీలు మార్చేవాడు. అక్కడ మూరల కొద్దీ కార్బన్ తగలేసి తెచ్చిన ఆ చెంపను, ఇక్కడ సి సెంటర్‌లో, అంటే చిన్న ఊరి హాల్లో, రెండంగుళాలు మిగుల్చుకుని మన ఓనరుగారు చీకట్లో కలిపేశారు. దేశంలో కార్బన్ వాడకం మొత్తానికి లెక్క ఎక్కడో అక్కడ సరిపోవాలి కదా, ఆ బాధ్యత ఆయన తీసుకున్నారు.

టూరింగ్ టాకీసుల వాళ్ల సంగతి వేరు. ఒకటే మిషన్ కాబట్టి రీలు మార్చినప్పుడల్లా లైట్లు వేసేవాళ్లు. ఆ విరామంలో కార్బనూ మార్చుకోవచ్చు, సోడాలూ అమ్ముకోవచ్చు. రెండు మిషన్లు పెట్టి, తెర కుడివైపు పైమూల చుక్క కనిపించగానే చేంజోవర్ కొట్టే, అంటే ఆట ఆపకుండా రెండో మిషన్‌కి మారే పట్నపు హాళ్లు ఈ ఆదాయాన్ని చేజేతులా పోగొట్టుకున్నాయి.

అసలు ఖర్చు తగ్గించే ఉద్దేశం ఉన్నప్పుడు ఫ్రీ పాసుల పుస్తకం మీద చెయ్యి పడి ఉండొచ్చు కదా అని ఒక మిత్రుడు అన్నాడు. ఆయనకు హాలు నడపడం తెలియదు. కుర్చీ క్లాసు మొదటి వరస కరెంటాఫీసుది, రెండోది పోలీసు స్టేషనుది, పక్కది పన్నుల శాఖది. చించి ఇవ్వాల్సిన టికెట్ చించకుండా మళ్లీ అమ్ముడుపోవడానికి కౌంటర్‌లోకి నడిచి రావడాన్ని చూసీచూడనట్టు ఉండాలంటే ఆ వరసలు నిండాలి. అందులో కోత పెడితే హాలు లైసెన్సుకే కోత. కార్బన్ ముక్కకు మాత్రం శాఖ లేదు, సంఘం లేదు, బావమరిది లేడు. పొదుపు ఎక్కడ మొదలుపెట్టాలో ఇంతకన్నా స్పష్టంగా ఏ అర్థశాస్త్రం చెబుతుంది?

ముక్కలే కాదు, రాగి కూడా ఉంది. చాలా కడ్డీలకు పైన పల్చగా రాగి పూత ఉంటుంది, కరెంటు బాగా పారడానికి. కడ్డీ కాలుతుంటే అది కరిగి బొట్లు బొట్లుగా లాంప్ హౌస్ అడుగున రాలుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో రాగికి కరువొచ్చినప్పుడు అమెరికాలో ప్రొజెక్షన్ గదుల్లో రాలిన ఈ బొట్లను ఏరి దాచి ఇమ్మన్నారు, యుద్ధ సామగ్రి తయారీకి. అంత పెద్ద దేశం వంగి ఏరుకున్న రాగిని మన ఆపరేటర్లు పాత సామాన్ల వాడికి అమ్మి టీ తాగేవాళ్లు. దేశభక్తి ఉన్న ఓనర్లు దీన్ని సహించలేక, బొట్లు తూచి రాసే రిజిస్టర్ పెట్టారు. యుద్ధం లేకపోవడం వల్ల ఆ రాగి ఎక్కడికి వెళ్లిందన్నది మాత్రం ఆ రిజిస్టర్‌లో లేదు. ముక్కల్లో కొన్ని పిల్లల చేతికి చేరి, బడి గోడల మీద హీరోల బొమ్మలయ్యాయి. ఆ హీరోలు తెర మీదకన్నా గోడ మీదే స్పష్టంగా కనిపించారని కొందరు అంటారు.

పొగ గురించి కూడా ఒక మాట, ఎందుకంటే నివేదికలో దానికి విడిగా అధ్యాయం ఉండాలి. ఆర్క్ మండినప్పుడు బూడిద, విషవాయువులు, లోహపు పొగ వస్తాయి. అవి పోవడానికే లాంప్ హౌస్ మీద గొట్టం, దానికో ఎగ్జాస్ట్ ఫ్యాను. ఆ ఫ్యానుకూ కరెంటు ఖర్చే. ఫ్యాను ఆపితే నెలకెంత మిగులుతుందో లెక్కేసిన వాళ్లున్నారు. ఆపరేటర్ ఎన్నేళ్లకు దగ్గు మొదలుపెడతాడో వేసిన వాళ్లు కనబడరు. రోజుకు నాలుగాటలు, పండక్కి ఐదు, ఆ అగ్గిపెట్టెలాంటి గదిలో. కళ్లు మసకబారాక కూడా అలవాటు మీద మిషన్ నడపగలడు కాబట్టి అతన్ని మాన్పించరు, సహాయకుడినీ ఇవ్వరు. మనిషిలో కూడా చివరి రెండంగుళాలు ఉంటాయని, దవడలు మాడకుండా వాటిని వాడుకోవచ్చని కనిపెట్టింది మన ఎగ్జిబిటర్లే. దీనికి పేటెంట్ తీసుకోకపోవడం వాళ్ల నిరాడంబరత.

కార్బన్ పోయింది కదా, ఈ విద్య కూడా పోయిందని దిగులుపడే పనిలేదు. జినాన్ బల్బుకు ఇన్ని గంటలని కంపెనీ రాసిస్తుంది. ఆ గంటలు దాటాక గాజు నల్లబడుతుంది, వెలుగు తగ్గుతుంది, లోపలి ఒత్తిడికి ఒక్కోసారి పేలుతుంది కూడా. అయినా మీటర్ చూసి బల్బు మార్చమన్న ఆపరేటర్‌కి వచ్చే జవాబు పాతదే: "వెలుగుతోంది కదా?" డిజిటల్ వచ్చాక అమెరికాలోనే కొన్ని మల్టీప్లెక్సులు 3డి లెన్సు తీయకుండా మామూలు సినిమా వేసేస్తున్నాయని, తెర మసకగా ఉంటోందని 2011లో పత్రికలు గోలపెట్టాయి. అక్కడ కారణం పొదుపు కాదు, లెన్సు మార్చే బద్ధకం. అయినా వాళ్లు మన దారిలోకే వస్తున్నారు.

ఇక కమిటీ. చైర్మన్‌గా ఒక పాత సింగిల్ స్క్రీన్ యజమానిని ప్రతిపాదిస్తున్నాను. ఆయన హాలు ఇప్పుడు ఏసీ ఫంక్షన్ హాలయింది. తెర ఉన్న చోటే పెళ్లి వేదిక, మిషన్ గదిలో క్యాటరింగ్ వాళ్ల గిన్నెలు. ఆయన అనుభవం ఇప్పటికే కొత్త రంగంలో అమలవుతోంది. ముహూర్తం ఇంకా గంట ఉండగా వేదిక మీద అన్ని ఫోకస్ లైట్లూ దేనికని ఆయన ప్రశ్న. పెళ్లికొడుకు ముఖం మీద ఒకటి, పెళ్లికూతురి ముఖం మీద ఒకటి వేయడం శుద్ధ దుబారా అని, ఇద్దరినీ కాస్త దగ్గరికి జరిపితే ఒక్క లైటు సరిపోతుందని పురోహితుడితో వాదిస్తున్నారు. వీడియోగ్రాఫర్ మాత్రం ఒప్పుకోవడం లేదు. రెండో లైటు కావాలంటే జనరేటర్ డీజిల్ ఆడపెళ్లివారే పోయించుకోవాలని ఈ మధ్యే బోర్డు పెట్టారు.