పందెం పేరు, అప్పు వ్యాపారం

ఐపీఎల్ రోజుల్లో సాయంత్రం పూట శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలో ఏ టీకొట్టు దగ్గరైనా కాసేపు నిలబడండి. ఎవరు బాగా ఆడుతున్నారన్న మాట పెద్దగా వినబడదు. ఈ ఆరు ఓవర్లకు ఎన్ని కొడతారు, రేటు ఎంత నడుస్తోంది, పందెం ఆడే ఖాతా, అంటే ఐడీ ఎవరిస్తారు, ఇదే గొడవ. నిషేధం ఉంది కదా అని అడిగితే గ్లాసు కింద పెట్టకుండానే నవ్వుతారు. వాళ్లు నవ్వడంలో తప్పేం లేదు. ఆంధ్రప్రదేశ్ 2020లోనే తన 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీతో సహా అన్నిటినీ నిషేధించింది. 132 సైట్లు, యాప్‌లు మూయించమని అప్పటి ముఖ్యమంత్రి కేంద్రానికి లేఖ కూడా రాశారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఇలాంటి ఆట నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి వరకు జరిమానా. ప్రచారం చేస్తే రెండేళ్లు, 50 లక్షలు. ఈ కేంద్ర చట్టంలో ఆడినవాడికి శిక్ష లేదు. ఇదంతా పేపర్లు చదివేవాళ్లకు తెలిసిందే.

అప్పటినుంచి చర్చ ఒక్కచోటే గిరగిరా తిరుగుతోంది. నిషేధించాలా, లైసెన్సులిచ్చి నియంత్రించాలా? నేను నిషేధం వైపే. అయితే జూదం పాపమని కాదు. సంక్రాంతికి పందెం కోడిని చంకన పెట్టుకుని ఫొటో దిగే నాయకులున్న రాష్ట్రంలో పాపపుణ్యాల మాట ఎత్తితే జనం వినరు. నాది లెక్కల గొడవ. ఈ పరిశ్రమ అమ్మేది ఆట అనుకోవడంలోనే మనం మోసపోతున్నాం. ఇది అప్పుల మీద బతికే వ్యాపారం. ఆ అప్పు దారి మూయకుండా యాప్‌ల పేర్లు ఎన్ని బ్లాక్ చేసినా ఒరిగేది లేదు.

లెక్క చూడండి. బొమ్మా బొరుసా లాంటి సమానమైన పందెం ఒకటి అనుకుందాం. ఓడితే వంద పోతుంది, గెలిస్తే తొంభై వస్తుంది. ఆ పది రూపాయల తేడా నిర్వాహకుడిది. చూడ్డానికి చిన్నదే, టీ ఖర్చంత. సగటున వందకు ఐదు రూపాయల నష్టం. పదివేలు చేతిలో పెట్టుకుని ఉన్నదంతా ఇరవైసార్లు తిప్పితే సగటున మిగిలేది 3,600 కంటే తక్కువ. నలభైసార్లు తిప్పితే 1,300 కూడా ఉండదు. పాతరోజుల్లో నలభైసార్లు తిప్పాలంటే ఏడాది పట్టేది. తిరునాళ్లలో గుండాట దగ్గర కూర్చున్నవాడు కూడా తెల్లారేసరికి లేచి ఇంటికి పోవాల్సిందే. ఫోన్‌లో ప్రతి ఓవర్ ఒక పందెం, ప్రతి బంతి ఒక పందెం. నలభైసార్లు ఒక్క మ్యాచ్‌లో అయిపోతుంది. మ్యాచ్ అయ్యాక ఏవో రంగుల ఆటలు, విమానం ఎగిరే ఆటలు సిద్ధంగా ఉంటాయి.

మరి ఇంత తొందరగా జేబు ఖాళీ అయ్యేవాడితో వ్యాపారం ఏళ్ల తరబడి ఎలా నడుస్తుంది? జీతం పదిహేను వేలున్న కుర్రాడు పదో తారీఖుకే ఖాళీ. న్యాయంగా అయితే అక్కడితో ఆట ఆగిపోవాలి. ఆగదు, ఎందుకంటే రెండో డబ్బు వస్తుంది. ముందు స్నేహితుల దగ్గర చేబదులు. తర్వాత లోన్ యాప్: ఐదు వేలు అప్పంటే చేతికొచ్చేది మూడున్నర వేలు, వారం తిరిగేసరికి ఐదు వేలూ కట్టాలి. అది తీర్చడానికి ఇంకో యాప్. ఆ తర్వాత నూటికి ఐదు, పది రూపాయల వడ్డీ. ఇంకోపక్క లోకల్ ఏజెంటు డబ్బు కట్టకుండానే ఐడీలో పాయింట్లు వేసి అరువు మీద ఆడిస్తాడు, వారానికోసారి లెక్క చూసుకుంటాడు. చివరికి తల్లి డ్వాక్రా లోను, చెల్లి పెళ్లికని దాచిన బంగారం. గమనించండి, ఇందులో మొదటి మెట్టు ఒక్కటే వాడి సొంత డబ్బు. మిగతా మెట్లన్నీ ఎవరో ఒకరు ఇచ్చిన అప్పో, ఇంట్లోవాళ్ల సొమ్మో. సొంత డబ్బు పోతే మనిషి బాధపడతాడు, అంతే. అప్పు తెచ్చి పోగొడితే అది రాబట్టుకోవాలని మళ్లీ ఆడతాడు. ఆ ఆరాటమే ఈ వ్యాపారానికి పెట్టుబడి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని వ్యసన రోగాల జాబితాలో చేర్చింది. మనం మాత్రం ఇప్పటికీ 'ఆ గుంటడికి బుద్ధి లేదు' అంటూ ఊరుకుంటున్నాం.

చట్టం చేసే తమాషా కూడా ఇక్కడే ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, పందెంలో గెలిచింది ఇప్పించమని కోర్టుకు వెళ్లడానికి లేదు. అంటే బుకీకి కోర్టు లేదు. అందుకే వాడు నేరుగా ఇంటి గుమ్మంలోకి వస్తాడు. కానీ అదే పందెం కోసం తీసుకున్న యాప్ అప్పు మాత్రం పర్సనల్ లోన్ అన్న ముద్దుపేరుతో కాగితాల మీద నిక్షేపంగా ఉంటుంది. దేనికి తీసుకున్నావని అడిగేవాడు లేడు.

లైసెన్సుల వాదం వాళ్లది పూర్తిగా తీసిపారేసేది కాదు. క్రికెట్ బోర్డును చక్కదిద్దడానికి సుప్రీంకోర్టు వేసిన లోధా కమిటీ 2016లో క్రికెట్ బెట్టింగ్‌ను చట్టబద్ధం చేయమంది. 2018లో లా కమిషన్, నిషేధం అమలు చేయలేకపోతే ఆధార్, పాన్ జతచేసి, పందేనికి హద్దు పెట్టి, నగదు లేకుండా నడిపించవచ్చని రాసింది. దొంగచాటుగా పోయే డబ్బు వెలుగులోకి వస్తుంది, పన్ను వస్తుంది, బానిసైనవాణ్ని గుర్తించొచ్చు అని వాళ్ల మాట. రమ్మీ నైపుణ్యం ఉన్న ఆటేనని 1967లో సుప్రీంకోర్టు అన్నది సాక్షాత్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసులోనే.

నిజమే, అన్నది. అయితే ఆ కోర్టు ముందున్నది ఒక క్లబ్బు, పదమూడు ముక్కలు, ఎదురుగా కూర్చున్న మనుషులు. రాత్రి రెండు గంటలకు 'మీకు 500 బోనస్' అని ఫోన్ మోగించే యంత్రం కాదు. ఇక లైసెన్సు దేశాల సంగతి చూద్దాం. బ్రిటన్‌ను అందరూ ఆదర్శంగా చూపిస్తారు. 2005లో చట్టం చేసుకుని ద్వారాలు బార్లా తెరిచిన ఆ దేశమే 2019లో బెట్టింగ్ షాపుల్లోని యంత్రాల మీద ఒక్కో పందెం గరిష్ఠ మొత్తాన్ని 100 పౌండ్ల నుంచి 2 పౌండ్లకు కోసేసింది. 2020 ఏప్రిల్‌లో క్రెడిట్ కార్డుతో జూదం ఆడటాన్నే ఆపేసింది. 2024 జూన్‌లో ఆస్ట్రేలియా కూడా ఆన్‌లైన్ పందేలకు క్రెడిట్ కార్డులు బంద్ చేసింది. లైసెన్సులిచ్చి, పన్నులు తీసుకుని, కమిషన్లు పెట్టుకుని, చివరికి వాళ్లు చేయి వేసింది ఎక్కడ? అప్పు మీద. మనం ఆ పాఠాన్ని మొదటి పేజీ నుంచి కాకుండా చివరి పేజీ నుంచి చదువుకోవచ్చు కదా.

ఇక పన్ను ఆశ. తెలుగువాళ్లకు ఈ కథ కొత్తగా చెప్పక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997కల్లా ఎత్తేశారు. ఖజానాకు ఒక అలవాటు పట్టుకుంటే దాన్ని మాన్పించే డీ-అడిక్షన్ సెంటర్ ఎక్కడా లేదు. బెట్టింగ్, కేసినోల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 2025 సెప్టెంబరులో 40కి వెళ్లింది. వందకు 40 తీసుకునేవాడు వాటాదారు అవుతాడు గానీ కాపలాదారు కాలేడు.

మధ్యలో ఒక్క మాట. క్రికెట్‌లో డబ్బు పెత్తనం ఇప్పుడే మొదలైందనుకునేవాళ్లు విజయనగరం చరిత్ర తిరగేయాలి. 1936లో భారత జట్టుకు ఇంగ్లండ్‌లో కెప్టెన్ మన విజ్జీ, అంటే విజయనగరం మహారాజకుమార్. మూడు టెస్టుల్లో చేసింది 33 పరుగులు. హోదా, పైరవీ తప్ప బ్యాటు ఆ కుర్చీ ఇప్పించలేదని అప్పుడే అన్నారు. కనీసం ఆయన పోగొట్టింది సొంత డబ్బు.

మనవాళ్లు పోగొడుతున్నది ఎవరి డబ్బు అన్నదగ్గరే నాకు అసలు బాధ. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సంపాదన పుట్టేది ఊళ్లో కాదు. హైదరాబాద్‌లో అపార్టుమెంటు పని, చెన్నైలో కంపెనీ, గల్ఫ్‌లో వెల్డింగ్, గుజరాత్ వెరావల్‌లో బోటు మీద వేట. ఆ వేటకెళ్లినవాళ్లే కదా 2018లో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు. అదే 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టింది. కొత్త కొబ్బరి మొక్క కాపుకొచ్చేదాకా ఇంట్లో వయసొచ్చిన కుర్రాడు పలాసలో రైలెక్కక ఏం చేస్తాడు? విజయనగరం వైపు జూట్ మిల్లులు ఒక్కొక్కటీ తాళాలు వేసుకున్నాక అక్కడా అదే రైలు.

ఒకప్పుడు ఆ సంపాదన మనియార్డరులో వచ్చేది. నాలుగు రోజులు ఆలస్యమయ్యేది, పోస్టుమాన్‌కు పదో పరకో ఇవ్వాల్సి వచ్చేది. కానీ అమ్మ వేలిముద్ర పడితే గానీ డబ్బు కదిలేది కాదు. కూలిడబ్బుకు దారిలో ఇద్దరు ముగ్గురు సాక్షులుండేవారు. ఇప్పుడు జీతం ఫోన్‌లో పడుతుంది, అప్పు ఫోన్‌లో పడుతుంది, పందెం కూడా ఆ ఫోన్‌లోనే. ఇంటికీ డబ్బుకీ మధ్య సాక్షి లేడు. పన్నెండు గంటల డ్యూటీ చేసి, పదిమంది ఉన్న గదిలో, మాట్లాడేవాడు లేక ఫోన్ తెరిచిన కుర్రాడికి ఈ వ్యాపారం ఎదురు కూర్చుంటోంది. ఊళ్లో పని లేకుండా చేసిన ప్రభుత్వాలు, ఊరు దాటిన కుర్రాడి ఒంటరితనాన్ని కూడా మార్కెట్‌కి వదిలేశాయి.

అప్పు ఇచ్చేవాణ్ని పట్టుకోవడం మనకు చేతకాని పనేం కాదు. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మైక్రోఫైనాన్స్ సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చింది. వసూలుకు ఇంటి మీద పడకూడదు, పంచాయతీ ఆఫీసులాంటి నలుగురూ తిరిగే చోటే కట్టించుకోవాలి, వడ్డీ మొత్తం అసలును మించకూడదు. అప్పట్లో కంపెనీలు గగ్గోలు పెట్టాయి, బ్యాంకులు మూతి ముడుచుకున్నాయి. ఆ చట్టం అన్నీ సరిగా చేసిందనను. కానీ ఇంటి గుమ్మంలో జరిగే అవమానాన్ని నేరంగా చూడటం మనం పదిహేనేళ్ల కిందటే నేర్చుకున్నాం. అదే కళ్లతో ఇప్పుడు లోన్ యాప్‌ను, అరువు ఐడీ ఇచ్చే ఏజెంటును చూడాలి.

2025 చట్టంలో జనం పట్టించుకోని ఒక కత్తి కూడా ఉంది. ఈ లావాదేవీలకు దారి ఇచ్చిన బ్యాంకులకు, చెల్లింపు సంస్థలకు కూడా మూడేళ్ల వరకు జైలు, కోటి వరకు జరిమానా. ఆ కత్తి ఒర దాటాలి. బెట్టింగ్ డబ్బు గాలిలో పోదు, ఎవరో కూలీ పేరు మీద తెరిచి, నాలుగైదు వేలకు అద్దెకు తీసుకున్న ఖాతాలోకి పోతుంది. నెలకు రెండు వేలు కూడా తిరగని ఖాతాలో ఒక్కరోజు వందమంది నుంచి ఐదొందలు, వెయ్యి పడుతుంటే బ్రాంచి కంప్యూటర్‌కు తెలియదా? మన పెన్షన్ ఖాతాలో కేవైసీ ఒక్కరోజు ఆలస్యమైతే మాత్రం వెంటనే తెలుస్తుంది.

ఇంకొకటి, అన్నిటికంటే తేలికైనది. బ్రిటన్‌లో చాలా బ్యాంకుల్లో 'నా ఖాతా నుంచి పందేలకు డబ్బు పోనివ్వకు' అని ఖాతాదారుడే నొక్కుకునే మీట ఉంది. జూదం సైట్ల నుంచి తన పేరు తానే తీయించుకోవడానికి జాతీయ పథకం ఉంది, ఒకసారి చేరితే కనీసం ఆరు నెలలు వెనక్కి రావడం కుదరదు. మన దగ్గర మానాలనుకున్న కుర్రాడికి ఏం దారి ఉంది? 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్‌లో మాట్లాడేవాళ్లు ఉన్నారు, మంచిదే, చేయండి. కానీ మాట్లాడి పెట్టేసిన పది నిమిషాలకు మళ్లీ అదే ఫోన్, అదే యూపీఐ. వాడు తెలివిలో ఉన్న ఒక ఉదయం బ్యాంకుకు వెళ్లి, యూపీఐ పరిమితి రోజుకు ఐదొందలు చేయండి, ఆరు నెలల దాకా నేనే వచ్చి అడిగినా మార్చకండి, నా పాన్ మీద కొత్త అప్పు ఇవ్వకండి అని రాసిచ్చే కాగితం కావాలి. తెలుగులో, ఒక పేజీలో.

జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన మూడు నెలలకోసారి బ్యాంకర్ల సమావేశం జరుగుతుంది. పంట రుణాలు, డ్వాక్రా లక్ష్యాలు, ముద్ర లోన్లు వరుసగా చదివి టీ తాగి లేస్తారు. వచ్చే సమావేశంలో ఆ ఒక్క పేజీ కాగితాన్ని అజెండాలో చేర్చి, ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా కొన్ని బ్రాంచిల్లోనైనా ప్రయత్నించి చూద్దామని రెండు జిల్లాల కలెక్టర్లు అడగొచ్చు. అడగడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.