లాబీలో కొలువైన వరికుచ్చు గారికి

అయ్యా వరికుచ్చు గారూ,

మా అపార్ట్‌మెంట్ లాబీలో, లిఫ్టు పక్కన, పసుపు లైటు కింద మీకు శాశ్వత స్థానం దక్కినందుకు అభినందనలు. ఒంటికి వార్నిష్ పూశారట, గింజ రాలదట, పురుగు పట్టదట. పిచ్చుక ముక్కుకు కూడా లొంగరని ఎవరూ విడిగా చెప్పలేదు గానీ, చూడగానే అర్థమైపోయింది.

మీ పాత ఉద్యోగం గుర్తుందో లేదో. కొత్త ధాన్యం ఇంటికొచ్చే రోజుల్లో పెంకుటింటి వసారాలో దూలానికో, గుడి మండపంలోనో వేలాడేవారు. చూరులో కాపురముండే పిచ్చుకలు మీ మీద వాలి సగం తిని సగం రాల్చేవి. రాలినవాటి కోసం కింద కోళ్లూ ఉడతలూ కాచుకుని ఉండేవి. ఆ ఊకంతా ఊడ్చలేక మా నాయనమ్మ తిట్టిన తిట్లన్నీ పిచ్చుకలకే గానీ మీకు ఒక్కటీ తగల్లేదు. చివరికి బోడి గడ్డిపోచలై ఆవు ముందుకు వెళ్లిపోయేవారు. ఎదుగూ బొదుగూ లేని ఉద్యోగం. ఇప్పుడో? పోయిన సంక్రాంతికి ఎంత నిండుగా వచ్చారో ఈ సంక్రాంతికీ అంతే నిండుగా ఉన్నారు. ఎవరికీ పెట్టకపోతే ఒళ్లు ఇంత బాగుంటుందని మిమ్మల్ని చూశాకే తెలిసింది.

మీ పుట్టుక తేలికైంది కాదని ఒప్పుకోవాలి. హార్వెస్టర్ దిగిన చేలో కంకి కంకిగా మిగలదు, గింజ ట్రాక్టరులోకి, గడ్డి నేల మీదికి. మీకోసం ఎవరో ముందుగానే కొడవలి పట్టుకుని, గింజ మరీ పండి రాలకముందే కోసి, ఆరబెట్టి, ముడి ఎక్కడుందో తెలియకుండా అల్లాలి. అంత పనితనం చూపించిన చేతులకు తెలుసో తెలియదో, మీరిక్కడ సెల్ఫీల వెనక నిలబడుతున్నారని.

బయట కట్టొచ్చు కదా అంటారా? కట్టారు. మూడో అంతస్తు వాళ్లు మీ తమ్ముణ్ణి బాల్కనీలో వేలాడదీశారు. అయితే పావురాల రెట్టల బాధకు అక్కడ ముందే వల బిగించి ఉంది. మీ తమ్ముడు వల లోపల, పిచ్చుక వల బయట. పాపం ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉంటారు.

మా పక్షి ప్రేమకూ ఋతువులున్నాయండోయ్. 2010 నుంచి మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినోత్సవం జరుపుతున్నారు కాబట్టి, ఆ రోజు మా వాట్సాప్ గ్రూపంతా కిచకిచలే. ఈసారి అసోసియేషన్ వాళ్లు చెక్క గూళ్లు కూడా పంచారు. పిచ్చుక దూరడానికి 3 సెంటీమీటర్ల పైచిలుకు కన్నం చాలు. వీటికి గోరువంక సామానుతో సహా దిగేంత సింహద్వారం పెట్టించారు. వాటిని పడమటి గోడకు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ల పక్కన కొట్టించారు. మే నెలలో అందులో గుడ్డు పెడితే పిల్ల రాదు, ఆమ్లెట్ వస్తుంది.

ఎండాకాలం మట్టి మూకుడులో నీళ్లు పెడతాం, ఫొటో తీస్తాం. నీళ్లు మార్చడం ఫొటోలో పడదు కాబట్టి వారం పది రోజులకు అందులోంచి దోమలు లేస్తాయి. రెక్కలున్నవాటిని పోషించిన పుణ్యం ఎటూ పోదు లెండి.

వానలు మొదలయ్యాక కథ ఇంకా బాగుంటుంది. పిచ్చుక గింజలు తినే పిట్టే, కానీ గుడ్డులోంచి వచ్చిన పిల్లకు మొదట్లో తెచ్చిపెట్టేది ఎక్కువగా పురుగులూ గొంగళ్లూనే. కాబట్టి మీరు వార్నిష్ లేకుండా వేలాడినా ఆ పిల్లకు అక్కరకు రారు. మేమేమో మొక్కలకు నెలనెలా మందు కొట్టిస్తాం. ఆకు మీద గొంగళి కనబడితే సెక్రటరీకి ఫిర్యాదు వెళుతుంది. పురుగు లేని తోటా కావాలి, పిచ్చుకలున్న తోటా కావాలి. రెండూ ఒకే కాంట్రాక్టరుకు అప్పజెప్పాం.

భాద్రపదంలో మహాలయ పక్షం రాగానే కాకికి యోగం పడుతుంది. ఏడాది పొడుగునా కర్ర పుచ్చుకుని తోలినదాన్నే మేడెక్కి ‘కా... కా’ అని బతిమాలతాం. ముద్ద ముట్టకపోతే ఇంటిల్లిపాదికీ టెన్షన్. తాతగారికి గారెల్లో అల్లం చాలలేదేమో అని ఒకరు, ఫలానా ఆస్తి గొడవ ఇంకా మనసులో ఉందేమో అని ఒకరు. పార్కింగ్ కోసం వేపచెట్టు కొట్టించాక కాకి ఏ కొమ్మ మీంచి రావాలో మాత్రం ఎవరూ అడగరు.

మొన్నటి మీటింగులో ఒక పెద్దాయన లేచి, వార్నిష్ లేని కుచ్చు ఒకటి తెచ్చి ప్రహరీ పక్కన కడదామన్నారు. ఊక పడుతుందన్నారు, రెట్టలన్నారు, కార్ల అద్దాలన్నారు. గంటసేపు వాదించుకున్నాక ఏకగ్రీవంగా తేల్చిందేమిటంటే, మీకు దుమ్ము పట్టకుండా గాజు పెట్టె చేయించాలని. కొటేషన్ వచ్చింది. పెట్టె మీద పిచ్చుక స్టిక్కరు ఉచితమట. లోపల కాస్త ఇరుకుగా ఉండొచ్చు, సర్దుకోండి.

ఇట్లు,
మెయింటెనెన్సు సకాలంలో కట్టే ఒక ఫ్లాటు యజమాని