పేపర్‌లోని ప్రతి అంకెకూ ఆచూకీ ఉండాలి

జర్నల్ పేపర్‌కు టెంప్లేట్ అనగానే మన స్కాలర్లకు గుర్తొచ్చేది ఫార్మాటే. కాలమ్‌లు ఎన్ని, రిఫరెన్సులు ఏ స్టైల్‌లో, క్యాప్షన్ పైనా కిందా. ఆ పని ప్రచురణకర్తలు ఎప్పుడో చేసిపెట్టారు, పేపర్లు అచ్చుకు సిద్ధం చేసే లాటెక్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఫైళ్లు ఉచితంగానే దొరుకుతాయి. ల్యాబ్ సొంతంగా తయారు చేసుకోవాల్సింది వేరే ఉంది. అచ్చయ్యే ప్రతి అంకె ఏ డేటా నుంచి, ఏ ప్రోగ్రాం ద్వారా వచ్చిందో చెప్పగలిగే ఫోల్డర్ల అమరిక అది.

ఇది లేకపోతే ఏమవుతుందో ప్రపంచం ఒకసారి చూసింది. ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల్లో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని 2010లో ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగోఫ్ రాశారు. ప్రభుత్వ ఖర్చు తగ్గించే పొదుపు విధానాల చర్చల్లో ఆ పేపర్‌ను నేతలు తెగ ఉదహరించారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్ వాళ్ల ఎక్సెల్ షీట్ అడిగి తీసుకుని చూస్తే, సగటు లెక్కలో అయిదు దేశాల వరుసలే లేవు. డేటా ఎంపికలో, సగటు కట్టిన పద్ధతిలో ఉన్న తేడాలు కూడా సరిచేస్తే వృద్ధి 2.2 శాతమని హెర్న్‌డన్ బృందం తేల్చింది. షీట్‌లో పొరపాటును రచయితలు ఒప్పుకున్నారు, మిగతా విమర్శలతో విభేదించారు. పెద్ద పేరున్నవాళ్ల లెక్కే ఇలా జారిపోతే, డెడ్‌లైన్ టెన్షన్‌లో ఉన్న రెండో ఏడాది స్కాలర్ సంగతి చెప్పాలా?

మన దగ్గర ఎక్కువగా దెబ్బతినేది రివిజన్‌లో. కొన్ని శాంపిళ్లు తీసేసి మళ్లీ లెక్కించమంటాడు రివ్యూయర్. స్కాలర్ టేబుల్ మారుస్తాడు, గ్రాఫ్ మారుస్తాడు. అబ్‌స్ట్రాక్ట్‌లో మాత్రం పాత శాతం అలాగే ఉండిపోతుంది.

మంచి టెంప్లేట్‌లో ఆ శాతాన్ని ఎవరూ చేత్తో టైప్ చెయ్యరు. ముడి డేటా ఒక ఫోల్డర్‌లో ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు. కోడ్ దాన్ని చదివి, ప్రతి ఫలితానికీ ఒక పేరు పెట్టి చిన్న ఫైల్‌లో రాస్తుంది. పేపర్‌లో అంకె ఉండాల్సిన చోట ఆ పేరే ఉంటుంది. మేక్ అనే పాత ప్రోగ్రాంకు ఒక్క కమాండ్ ఇస్తే లెక్కలు, బొమ్మలు, పీడీఎఫ్ అన్నీ వరుసగా తయారవుతాయి. 1976 నాటి సాధనం ఇప్పటికీ ఇంత చక్కగా పనిచేయడం నాకు ముచ్చటేస్తుంది.

వర్డ్ వదలని గైడ్లున్న చోట, కోడ్‌నూ రాతనూ ఒకే ఫైల్‌లో కలిపి పేపర్ తయారుచేసే క్వార్టో అనే సాధనం వాడొచ్చు, అది వర్డ్ ఫైల్ కూడా ఇస్తుంది. కానీ గైడ్ ఆ ఫైల్‌లో చేసిన దిద్దుబాట్లను మళ్లీ మూలంలోకి ఎక్కించాల్సింది స్కాలరే. ఆ శ్రమ తక్కువేం కాదు, అయినా పడాల్సిందే.

రోగుల వివరాలతో పనిచేసేవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. ఫైళ్లలో జరిగే ప్రతి మార్పునూ దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ గిట్. దానిలోకి ఒకసారి ఎక్కిన ఫైల్‌ను తర్వాత తొలగించినా చరిత్రలో మిగిలే ఉంటుంది. అందుకే డేటా ఫోల్డర్‌ను గిట్ పట్టించుకోకూడదన్న సూచన టెంప్లేట్‌లో మొదటి రోజు నుంచే ఉండాలి.

ఈ భారాన్ని స్కాలర్ల మీదే వదిలేయడం అన్యాయం. స్కాలర్ ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే ల్యాప్‌టాప్‌తో పాటు పద్ధతీ పోతుంది. టెంప్లేట్ ల్యాబ్ పేరు మీద ఉండాలి, దాని బాధ్యత గైడ్ తీసుకోవాలి. పరిశోధన, ప్రచురణ నైతికతపై రెండు క్రెడిట్ల కోర్సును యూజీసీ 2019లోనే పీహెచ్‌డీ వాళ్లకు తప్పనిసరి చేసింది. అందులో కాపీని పట్టే ప్లేజరిజం సాఫ్ట్‌వేర్ చూపించే గంటల్లోంచి కొన్ని తీసి, ప్రతి స్కాలర్‌ చేతా తన సొంత డేటాతో ఇలాంటి ప్రాజెక్టు ఒకటి కట్టించాలి.