లక్ష్మికి గుడి లేదు: పుల్ రిక్వెస్ట్ గారికి బహిరంగ లేఖ

పర్లాకిమిడి, ఒడిశా

మహారాజశ్రీ పుల్ రిక్వెస్ట్ గారికి,

నా సవరణను ప్రోగ్రాంలో కలుపుకోమని పెట్టుకున్న అర్జీ అయిన తమరికి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు ఐదు నెలలుగా కదలకుండా, మెదలకుండా క్షేమంగానే ఉన్నారని రోజూ తెర మీద చూస్తూనే ఉన్నాను.

సంగతి తమరికి కొత్త కాదు. మా బాబాయి కిరాణా దుకాణంలో పద్దులు రాసే ప్రోగ్రాం ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, సవరణ పంపొచ్చు. చిట్టీ కాగితం సన్నం కనుక అది పేరును ఆరు అక్షరాల దగ్గర కోసేస్తుంది. దాని లెక్కలో పొల్లూ ఒక అక్షరమే, గుడీ ఒక అక్షరమే. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూనికోడ్ పద్ధతిలో 'లక్ష్మి' అంటే ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వెరసి ఏడు. ఆరింటి దగ్గర కత్తి పడితే మిగిలేది 'లక్ష్మ'. మా ఖాతాల్లో లక్ష్ములకు కొదవ లేదు. ఒడియాలో పేరు రాయించుకున్న లక్ష్ములకూ ఇదే గతి. ఊరంతా గుళ్లున్నాయి, లక్ష్మికి మాత్రం గుడి లేదు!

నా సవరణ ఒక్క వరుస: గుర్తులను కాదు, అక్షరాలను లెక్కపెట్టాలి. పది నిమిషాల పని. ఆ తరువాత తమరి దర్బారు మొదలైంది. కమిట్ సందేశంలో, అంటే సవరణకు జతచేసే వివరణలో, మొదటి వరుస యాభై అక్షరాలు దాటకూడదన్నారు. (ఆ యాభైని ఏ లెక్కన లెక్కిస్తారో అడిగే ధైర్యం లేకపోయింది.) వరుస చివర కంటికి కనబడని ఖాళీ ఉందని ఎర్ర గుర్తు వేశారు. అది తుడిచేలోపు అసలు కోడ్ ముందుకు వెళ్లిపోయింది, రీబేస్ చేయమన్నారు, అంటే నా సవరణను కొత్త కోడ్ మీద తిరిగి పేర్చమన్నారు. చేశాను. అంతలో ఎవరో అదే వరుసలో వేలు పెట్టారు, మళ్లీ చిక్కుముడి.

ఒక్కటి ఒప్పుకోవాలి. కోడ్ చూసే పెద్దమనిషి జీతం లేకుండా, అర్ధరాత్రి కూర్చుని నా తప్పు పట్టుకున్నాడు. పేరు రాయని ఖాతా వస్తే నా సవరణతో ప్రోగ్రాం కుప్పకూలేది. సిగ్గుపడి దిద్దాను, సవరణ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే పరీక్షల కోడ్ కూడా రాశాను. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన మళ్లీ కనబడకపోవడమే నా బాధ.

గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్లో ఉండగానే రాసే తెలుగును సవరించాలని పట్టుబట్టారు. ఆ సవరణ విలీనం కావడానికి ఎన్ని దశాబ్దాలు పట్టిందో తలుచుకుని ఓపిక పట్టాను.

నిన్న తనంతట తానే పనిచేసే తమరి బాట్ ప్రోగ్రాం గారు దయచేసి, అరవై రోజులుగా కదలిక లేదు కనుక అర్జీ మూసేస్తున్నామని సెలవిచ్చారు. కదలవలసింది నేనా, తమరా? సరే, మళ్లీ తెరిచాను. రీబేస్ కూడా చేశాను.

ఈలోగా మా బాబాయి నీలం పెన్ను పుచ్చుకుని, చిట్టీ చిట్టీకీ గుడి కడుతున్నాడు.

ఇట్లు,
తమరి విధేయుడు,
కిరాణా దుకాణం గుమాస్తా